గింప్ 2.10 నుంచి 3.0కి ఒక ప్లగిన్ తరలింపు: పేజీ నేపథ్యాన్ని సమం చేసే ఫిల్టర్‌పై కేస్ స్టడీ

పాత రిజిస్టర్లను, దస్తావేజులను స్కాన్ చేసి భద్రపరిచే ఒక డిజిటైజేషన్ విభాగం కోసం మేము నిర్వహిస్తున్న పరికరాల్లో అన్నింటికంటే ఎక్కువ పని చేసేది, బొమ్మలు సవరించే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌కు జోడించే ఒక చిన్న ప్లగిన్ (అదనపు ప్రోగ్రామ్). బైండు చేసిన పుస్తకం స్కానర్ మీద పూర్తిగా పరుచుకోదు కాబట్టి మడత వైపు నీడ పడుతుంది. కాగితం కూడా వయసు మీదపడి అంచుల్లో ముదురుగా, మధ్యలో లేతగా మారి ఉంటుంది. ఈ ప్లగిన్ పేజీ మొత్తాన్ని పెద్ద వ్యాసార్ధంతో బ్లర్ చేసి (మసకబరిచి) నేపథ్యపు వెలుగును అంచనా వేస్తుంది, ప్రతి పిక్సెల్‌ను ఆ అంచనాతో భాగిస్తుంది, ఆ తరువాత కాగితం అంతటా ఒకే తెలుపు కనిపించేలా స్థాయిని సరిచేస్తుంది. పైథాన్ 2లో, గింప్‌ను పైథాన్‌తో కలిపే గింప్‌ఫు మాడ్యూల్ ఆధారంగా రాసిన ఈ ఫైలు గింప్ 2.8 కాలంలో పుట్టి 2.10లోనూ పెద్దగా మార్పు లేకుండా నడిచింది.

తరలింపు తప్పనిసరి కావడానికి రెండు కారణాలున్నాయి. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ఆ తరువాత అనేక లినక్స్ పంపిణీలు గింప్ 2.10 ప్యాకేజీ నుంచి పైథాన్ భాగాన్ని తొలగించాయి కనుక ఈ ప్లగిన్ నడవాలంటే పాత యంత్రాలను కాపాడుకోవలసి వచ్చింది. ఇక 2025 మార్చి 16న వెలువడిన గింప్ 3.0, 2004లో వచ్చిన 2.0 నుంచి కొనసాగుతూ వచ్చిన ప్లగిన్ ఇంటర్‌ఫేస్‌ను పక్కన పెట్టింది. కిటికీలు, బటన్లు గీసే జీటీకే 2 లైబ్రరీ స్థానంలో జీటీకే 3, గింప్‌ఫు స్థానంలో లైబ్రరీలను ఇతర భాషల నుంచి పిలిచే జీఆబ్జెక్ట్ ఇంట్రోస్పెక్షన్, పిక్సెళ్లను చదివి రాసే పాత పిక్సెల్ రీజియన్ స్థానంలో గెగల్ అనే బొమ్మల లైబ్రరీ బఫర్ వచ్చాయి. 2.10 కోసం రాసిన పైథాన్ ప్లగిన్‌ను 3.0 నడపలేదు. ఇక్కడ అనుకూలత అంటే తిరిగి రాయడమే.

తిరిగి రాయడం అనగానే ఏ పాత ఫంక్షన్‌కు ఏ కొత్త ఫంక్షన్ సరిపోతుందో పట్టిక వేసుకుని మొదలుపెట్టడం సహజం. ఆ పట్టిక అవసరమే, కానీ ఈ పనిలో కష్టమైన సమస్య ఏదీ అందులో కనిపించలేదు. ఫంక్షన్ పేరు తప్పితే గింప్ వెంటనే దోష సందేశం ఇస్తుంది. అదే ఫంక్షన్ పేరు సరిగా ఉండి, అది తెచ్చిచ్చే సంఖ్యల అర్థం మారితే ఎవరూ చెప్పరు, బొమ్మ మాత్రం కొద్దిగా తేడాగా వస్తుంది. కాబట్టి కోడ్ ముట్టుకోకముందే పాత యంత్రం మీద పాత ప్లగిన్‌తో ఒక నమూనా సముదాయాన్ని నడిపించి ఫలితాలను భద్రపరిచాము. లేత పేజీ, ముదురు పేజీ, చిన్న అక్షరాలు కిక్కిరిసిన పేజీ, 8 బిట్ స్కాన్, 16 బిట్ స్కాన్, సాధారణ తెరల రంగు ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ కాని రంగు ప్రొఫైల్ ఉన్న స్కాన్, ఆల్ఫా (పారదర్శకత) ఛానల్ ఉన్న లేయర్, బ్లర్ వ్యాసార్ధం కంటే చిన్న లేయర్ అందులో ఉన్నాయి. తరువాత తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ సముదాయమే ఆధారం.

హోస్ట్‌తో సంబంధం

గింప్‌లో ప్లగిన్, హోస్ట్ (దానిని నడిపే ప్రధాన ప్రోగ్రామ్) నుంచి వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది. గింప్ మొదలైనప్పుడు కొత్త ప్లగిన్ ఫైలును ఒకసారి విచారణ పద్ధతిలో నడిపి, అది అందించే ప్రొసీజర్ల (పిలవదగిన పనుల) పేర్లు, ఆర్గ్యుమెంట్లు (వాటికి ఇచ్చే విలువలు), మెనూ స్థానం తెలుసుకుని ప్లగిన్‌ఆర్‌సీ అనే ఫైలులో రాసుకుంటుంది. ఫైలు మారనంత వరకు మళ్లీ అడగదు. ఫోటోషాప్ ఫిల్టర్ ప్లగిన్ పరిస్థితి ఇందుకు భిన్నం. అది హోస్ట్ ప్రాసెస్‌లోకే లోడ్ అయ్యే లైబ్రరీ కనుక హోస్ట్ 64 బిట్ అయితే అదీ 64 బిట్ కావాలి, యాపిల్ సిలికాన్ మీద హోస్ట్ సహజ రూపంలో నడుస్తుంటే ప్లగిన్‌లోనూ ఆ కోడ్ ఉండాలి, ప్లగిన్ కూలితే హోస్ట్ కూడా కూలవచ్చు. గింప్‌లో ఈ బాధలు లేవు. ప్రాసెస్‌లు వేరు కావడం వల్ల ప్రాసెసర్ రకం గురించి మేము ఆలోచించవలసిన అవసరమే రాలేదు. ఇందుకు బదులుగా, విచారణ దశలో ప్లగిన్ విఫలమైతే అది మెనూలో కనిపించకుండా పోతుంది. టెర్మినల్ నుంచి గింప్‌ను నడిపితే తప్ప కారణం తెలియదు.

3.0లో ప్లగిన్ ఫైలు తన పేరే ఉన్న ఉప ఫోల్డర్‌లో ఉండాలి. ప్లగిన్ల ఫోల్డర్‌లో నేరుగా పడేసిన ఫైలును గింప్ పట్టించుకోదు. లినక్స్, మ్యాక్‌ఓఎస్ మీద దానికి ఎగ్జిక్యూట్ అనుమతి కూడా కావాలి. జిప్ ఫైలు విప్పేటప్పుడు కొన్ని పరికరాలు ఆ అనుమతిని పోగొడతాయి. స్థాపన తరువాత వచ్చిన ఫిర్యాదుల్లో అధిక భాగం ఈ రెండింటి దగ్గరే తేలింది కనుక స్థాపన స్క్రిప్ట్‌లోనే వీటిని సరిచేశాము.

ప్లగిన్ నిర్మాణం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రిజిస్టర్ ఫంక్షన్‌కు ఇచ్చే పొడవాటి జాబితా స్థానంలో ఒక తరగతి వచ్చింది. ఏ ప్రొసీజర్లు ఉన్నాయో ఒక మెథడ్ చెబుతుంది, ఒక్కో ప్రొసీజర్‌ను మరో మెథడ్ తయారు చేస్తుంది. డైలాగ్‌ను ఆర్గ్యుమెంట్ల నిర్వచనం నుంచి గింపే నిర్మిస్తుంది, చివరగా వాడిన విలువలను తానే గుర్తుపెట్టుకుంటుంది. ఇక్కడ హెచ్చరించదగినది ఒక్కటే. 2.99 అభివృద్ధి శ్రేణి 2020 చివర మొదలై నాలుగేళ్లకు పైగా సాగింది, ఆ కాలమంతా ఇంటర్‌ఫేస్ మారుతూనే ఉంది. అప్పట్లో రాసిన ఉదాహరణల్లో రన్ ఫంక్షన్‌కు డ్రాయబుల్స్ (లేయర్ల వంటివి) సంఖ్య, వాటి జాబితా, ఆర్గ్యుమెంట్ల సరణి విడివిడిగా వస్తాయి. తుది రూపంలో సంఖ్య లేదు, సరణి స్థానంలో కాన్ఫిగ్ ఆబ్జెక్ట్ ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో ఏది ఏ దశకు చెందినదో చూడకుండా నకలు చేస్తే ప్లగిన్ నడవదు.

ప్రొసీజర్ పేరు విషయంలో మాత్రం జాగ్రత్త పడవలసి వచ్చింది. పాత గింప్‌ఫు తనంతట తానే పేరుకు ముందు పైథాన్-ఫు అనే ఉపసర్గ చేర్చేది, విభాగంలోని బ్యాచ్ స్క్రిప్టులు ఆ పూర్తి పేరుతోనే ప్లగిన్‌ను పిలుస్తున్నాయి. కొత్త వ్యవస్థ ఉపసర్గ చేర్చదు కనుక దానిని మేమే రాసి పాత పేరును నిలబెట్టాము. పిలిచే తీరు ఎలాగూ మారింది. ఒక్క డ్రాయబుల్ స్థానంలో ఇప్పుడు జాబితా వెళ్లాలి, గింప్ సొంత స్క్రిప్టు భాష స్క్రిప్ట్-ఫులో ఆర్గ్యుమెంట్లను పేరుతో ఇవ్వవచ్చు. పేరుతో ఇచ్చే పద్ధతి వల్ల వరుస ముఖ్యం కాదు, ఇవ్వని వాటికి డిఫాల్ట్ విలువ వస్తుంది. రేపు కొత్త ఆర్గ్యుమెంట్ చేర్చినా పాత స్క్రిప్టులు చెడవు. బ్యాచ్ స్క్రిప్టులను ఒకసారి ఎలాగూ దిద్దాలి కాబట్టి అన్నింటినీ ఈ పద్ధతికే మార్చాము. ఒకేసారి పలు లేయర్లు ఎంచుకునే వీలు 3.0లో ఉన్నా, మేము ఒకే లేయర్ ఎంపికైనప్పుడు మాత్రమే మెనూ అంశం పనిచేసేలా పెట్టాము. ఒక పేజీకి ఒకే స్కాన్ లేయర్ ఉండే చోట మిగతావి పొరపాటున ఎంపికైనవే అయి ఉంటాయి.

పిక్సెల్ విలువల అర్థం

ఈ కేసులో అసలు పని ఇక్కడ జరిగింది. గింప్ 2.10లో బొమ్మ 16 బిట్‌ది కావచ్చు, 32 బిట్ ఫ్లోట్ (దశాంశ సంఖ్యల రూపం) కావచ్చు. అయినా అధిక సూక్ష్మతను కోరుకుంటున్నట్టు ప్రత్యేకంగా ప్రకటించని ప్లగిన్‌కు గింప్ ఎప్పుడూ 8 బిట్ విలువలనే, అదీ గామా (వెలుగు విలువలను కంటి చూపుకు తగ్గట్టు వంచే వక్రం) వర్తించిన రూపంలోనే అందించేది. పాత ప్లగిన్లు విరగకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు ఇది. మా ప్లగిన్ ఆ ప్రకటన చేయలేదు, 2.8లో పుట్టిన కోడ్‌కు ఆ ప్రశ్నే లేదు. ఫలితంగా 16 బిట్ స్కాన్ తెరిచి ప్లగిన్ నడిపితే ఒక్కో ఛానల్‌కు 65,536 స్థాయిలున్న బొమ్మ 256 స్థాయిల గుండా వెళ్లి తిరిగి 16 బిట్ పాత్రలో పడేది. శీర్షిక పట్టీలో 16 బిట్ అనే ఉండేది, ఎగుమతి చేసిన టిఫ్ ఫైలు పరిమాణం కూడా తగ్గేది కాదు. పాత ఫలితాల్లో ఒక్కో ఛానల్‌లో ఎన్ని వేర్వేరు విలువలున్నాయో లెక్కించినప్పుడు ఏ పేజీలోనూ 256 దాటలేదు. అనుకూలత కోసం హోస్ట్ చూపిన ఔదార్యం సమాచార నష్టాన్ని కూడా కనిపించకుండా కప్పిపెట్టింది. విభాగం భద్రపరిచేది సవరించని మూల స్కాన్లను కనుక నష్టం చదువరులకు అందించే ప్రతులకే పరిమితమైంది.

3.0లో ఈ తెర లేదు. ప్లగిన్ బఫర్‌ను అడిగేటప్పుడు ఏ రూపంలో కావాలో తానే చెప్పాలి. రూపాల పేర్లను నిర్వహించే బాబల్ లైబ్రరీలో ఆర్, జీ, బీ అక్షరాల పక్కన ప్రైమ్ గుర్తు ఉంటే గామా వర్తించిన విలువలు, ఆ గుర్తు లేకపోతే లీనియర్ (అసలు వెలుగుకు అనులోమంగా ఉండే) విలువలు వస్తాయి. కోడ్‌లో తేడా ఒక చిన్న గుర్తు, బొమ్మలో తేడా చాలా పెద్దది. ఎస్‌ఆర్‌జీబీలో 8 బిట్ 128 విలువకు సమానమైన లీనియర్ వెలుగు సుమారు 0.216, సగం వెలుగు అంటే 0.5 కావాలంటే 8 బిట్ విలువ 188 దగ్గర ఉండాలి.

మా ఫిల్టర్‌కు ఏది సరైనది? నీడ వెలుగును గుణిస్తుంది కనుక భాగహారం లీనియర్‌లోనే చేయాలని భౌతిక శాస్త్రం చెబుతుంది. అయితే గామా కేవలం ఘాత రూపంలో ఉంటే రెండు విలువల భాగఫలానికి గామా వర్తింపజేసినా, గామా వర్తింపజేశాక భాగించినా ఫలితం ఒకటే. ఎస్‌ఆర్‌జీబీ వక్రంలో ఒక స్థిరాంకం కలుస్తుంది, అడుగున ఒక చిన్న సరళరేఖ భాగం ఉంది, ఆ మేరకే తేడా. భాగహారం దగ్గర కాగితపు టోన్లలో గొడవ అంతగా లేదు. గొడవంతా బ్లర్ దగ్గర ఉంది, ఎందుకంటే సగటుకు ఈ గుణం వర్తించదు. అక్షరాలు కిక్కిరిసిన చోట నాలుగో వంతు సిరా, మూడు వంతులు కాగితం ఉన్నాయనుకుందాం. గామా రూపంలో కాగితం 0.9, సిరా 0.1 అయితే సగటు 0.70. అదే సగటును లీనియర్‌లో తీసి తిరిగి గామా రూపంలోకి తెస్తే 0.79 వస్తుంది. లీనియర్‌లో కాగితపు వెలుగు సిరాను మించిపోతుంది కనుక అంచనా కాగితానికి దగ్గరగా ఉంటుంది. గామా రూపంలో సిరా అంచనాను కిందికి లాగుతుంది, దానితో భాగించినప్పుడు అక్షరాల మధ్య కాగితం అవసరానికి మించి తెల్లబడుతుంది.

నాణ్యత చూస్తే లీనియర్ మెరుగైనదే. అయినా డిఫాల్ట్‌గా పాత గామా పద్ధతినే ఉంచాము, లీనియర్‌ను డైలాగ్‌లో ఎంపికగా ఇచ్చాము. ఒక సంపుటంలో సగం పేజీలు పాత ప్లగిన్‌తో పూర్తయి, మిగతా సగం ఇంకా మిగిలి ఉన్నప్పుడు, మధ్యలో కాగితపు రంగు మారితే పాఠకుడికి అది లోపంగానే కనిపిస్తుంది. మెరుగుదల పేరుతో ఫలితాన్ని మార్చే హక్కు తరలింపు పనికి లేదని నా అభిప్రాయం. కొత్త సంపుటం మొదలుపెట్టేటప్పుడు లీనియర్ ఎంచుకోవచ్చునని వాడుక సూచనల్లో రాశాము.

అమలులో చిక్కు ఏమిటంటే గెగల్‌లోని గాసియన్ బ్లర్ (దగ్గరి పిక్సెళ్లకు ఎక్కువ బరువిచ్చి తీసే సగటు) లీనియర్ విలువల మీదే పనిచేస్తుంది. పాత పద్ధతిని నిలబెట్టడానికి లేయర్‌ను గామా రూపంలో ఫ్లోట్‌గా చదివి, అవే బైట్లను లీనియర్ అనే ముద్రతో తాత్కాలిక బఫర్‌లో రాశాము. బ్లర్ ఆ సంఖ్యలను లీనియర్ అనుకుని సగటు తీస్తుంది, బయటికి తీసేటప్పుడు ముద్రను మళ్లీ మారుస్తాము. బొమ్మ మొత్తాన్ని ఒకేసారి చదవడం కుదరదు. 6000 × 8000 పిక్సెళ్ల పేజీ నాలుగు ఛానళ్ల 32 బిట్ ఫ్లోట్‌లో 76.8 కోట్ల బైట్లు అవుతుంది. కనుక అడ్డపట్టీలుగా విభజించి నకలు చేశాము. పిక్సెల్ పిక్సెల్‌కూ తిరిగే పైథాన్ లూపు మాత్రం ఎక్కడా మిగలలేదు, వేగం పెరగడానికి ప్రధాన కారణం అదే. సంఖ్యల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ నమ్‌పై వాడితే కోడ్ ఇంకా చిన్నదయ్యేది, కానీ గింప్ నడిపే పైథాన్‌లో ఆ లైబ్రరీ ఉంటుందన్న భరోసా అన్ని వేదికల మీదా లేదు. అది లేని యంత్రంలో ప్లగిన్ విచారణ దశలోనే ఆగిపోయి మెనూలోంచి మాయమవుతుంది.

పాత ప్లగిన్ వాడింది గాసియన్ కాదు, చతురస్రపు కిటికీలో సాధారణ సగటు. బ్యాచ్ స్క్రిప్టుల్లో వ్యాసార్ధం 60 అని రాసి ఉంటే కొత్త ప్లగిన్‌లోనూ ఆ 60కి అదే విస్తృతి రావాలి. వ్యాసార్ధం ఆర్ అయితే, ఆర్‌ను దానికి ఒకటి కలిపిన సంఖ్యతో గుణించి, 3తో భాగించి, వర్గమూలం తీస్తే సమానమైన గాసియన్ ప్రామాణిక విచలనం వస్తుంది. 60కి అది సుమారు 34.9. రెండు ఆకారాలు అచ్చంగా ఒకటి కావు కానీ విస్తృతి సరిపోతుంది, పైగా చతురస్రపు సగటు ముదురు మరకల చుట్టూ వదిలే పలకల్లాంటి జాడలు తగ్గాయి. ఈ ఒక్క మార్పును విభాగంలోని వారికి పక్కపక్కన చూపి అంగీకారం తీసుకున్నాము. పేజీ అంచుల్లో బ్లర్ బొమ్మ బయటి ఖాళీని లెక్కలోకి తీసుకోకుండా అంచు పిక్సెళ్లనే పొడిగించేలా అబిస్ పాలసీని క్లాంప్‌గా పెట్టాము. వ్యాసార్ధం కంటే చిన్న లేయర్ నమూనా దీని కోసమే ఉపయోగపడింది.

మిగతా సంఖ్యాపరమైన విషయాలు చిన్నవే అయినా చెప్పాలి. 8 బిట్ కాలంలో భాగఫలం 255 దాటితే కోడ్ దానిని అక్కడే కత్తిరించేది, హారం సున్నా అయితే ఒకటిగా తీసుకునేది. ఫ్లోట్‌లో 1.0 దాటిన విలువలు చెల్లుతాయి, బొమ్మ 32 బిట్ ఫ్లోట్ అయితే అవి అలాగే నిలిచిపోతాయి. సున్నాతో భాగిస్తే అనంతమో, సంఖ్య కానిదో పుడుతుంది, దాని మీద తరువాత ఎవరైనా బ్లర్ నడిపితే అది చుట్టుపక్కలకూ పాకుతుంది. కనుక హారానికి కనిష్ఠ విలువ, ఫలితానికి పరిమితి రెండింటినీ స్పష్టంగా పెట్టాము. డైలాగ్‌లో కాగితపు తెలుపు విలువ 0 నుంచి 255 వరకే కనిపిస్తుంది, లోపల 255తో భాగించి వాడుతాము. ఎన్నో స్క్రిప్టుల్లో ఆ సంఖ్య స్థిరపడిపోయింది. పైథాన్ 2లో 7ను 2తో భాగిస్తే 3 వచ్చేది, పైథాన్ 3లో 3.5 వస్తుంది. పట్టీల సరిహద్దులు లెక్కించే చోట్లన్నీ వెతికి పూర్ణాంక భాగహారంగా మార్చాము.

రంగు ప్రొఫైల్ దగ్గర మరో తేడా తేలింది. రూపం పేరు మాత్రమే చెప్పి రంగు స్పేస్ చెప్పకపోతే బాబల్ దానిని ఎస్‌ఆర్‌జీబీగా భావిస్తుంది. విస్తృతమైన ప్రొఫైల్ ఉన్న స్కాన్‌ను అలా చదివితే ఎస్‌ఆర్‌జీబీ పరిధి దాటిన రంగులు రుణ విలువలుగా వస్తాయి. ఫ్లోట్ కావడం వల్ల అవి పోవు, కానీ మా కనిష్ఠ పరిమితి వాటిని సున్నా చేసేది. ఎర్ర సిరా ముద్రలున్న పేజీల్లో ఈ తేడా కంటికి కూడా తెలిసింది. పరిష్కారంగా భాగహారానికి హారాన్ని మాత్రమే పరిమితం చేశాము, లవంలోని రుణ విలువలను అలాగే వదిలాము. తిరిగి రాసేటప్పుడు అవి బొమ్మ సొంత స్పేస్‌లోకి మారి మళ్లీ ధన విలువలవుతాయి. పై పరిమితిని కూడా కాగితపు తెలుపుకు దగ్గరగా ఉన్న తటస్థ పిక్సెళ్లకే వర్తింపజేశాము.

ఎంపిక చేసిన ప్రాంతం విషయం సులువుగానే తెమిలింది. ఫలితాన్ని షాడో (తాత్కాలిక) బఫర్‌లో రాసి విలీనం చేస్తే ఎంపిక సరిహద్దులను గింపే పాటిస్తుంది. నేపథ్యపు అంచనా మాత్రం ఎంపికతో సంబంధం లేకుండా లేయర్ మొత్తం నుంచి తీస్తాము. లేకపోతే అదే పేజీలో రెండు ముక్కలను విడివిడిగా సవరించినప్పుడు మధ్యలో గీత కనిపిస్తుంది.

చేయకుండా వదిలినవి

2.10, 3.0 రెండింటిలోనూ నడిచే ఒకే ఫైలు కావాలని మొదట్లో కోరారు. పైథాన్ వెర్షనే వేరైనప్పుడు అది అర్థం లేని శ్రమ. పాత ఫైలును ఉన్నదున్నట్టు ఆపివేసి, తీవ్రమైన దోషాలకు తప్ప ముట్టుకోమని చెప్పాము.

ఇంకో ప్రశ్నకు సమాధానం అంత తేలిక కాదు. 3.0లో గెగల్ ఆపరేషన్లుగా ఉన్న ఫిల్టర్లు లేయర్ మీద నాన్-డిస్ట్రక్టివ్ ప్రభావాలుగా నిలుస్తాయి, ఎప్పుడైనా విలువలు మార్చుకోవచ్చు, తీసేయవచ్చు. మా ప్లగిన్ ప్రొసీజర్ కనుక పిక్సెళ్లను శాశ్వతంగా మారుస్తుంది. కేవలం పిక్సెళ్ల మీద పనిచేసే ఇలాంటి ఫిల్టర్‌కు సహజమైన రూపం గెగల్ ఆపరేషనే. అయితే దానిని సీ భాషలో రాసి, ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఒక్కో ప్రాసెసర్ రకానికీ కంపైల్ చేసి పంచాలి, పైథాన్ రూపంలో తప్పించుకున్న భారమంతా తిరిగి వస్తుంది. పైగా గింప్ సొంత రూపమైన ఎక్స్‌సీఎఫ్ ఫైలులో ఆ ప్రభావాన్ని భద్రపరిస్తే, ఆపరేషన్ లేని యంత్రంలో తెరిచినప్పుడు అది పనిచేయదు. ఏళ్ల తరువాత కూడా తెరవవలసిన ఫైళ్లను ఒక ప్రైవేటు బైనరీ మీద ఆధారపడేలా చేయడం నాకు సమ్మతం కాలేదు. కనుక ప్లగిన్ నడిపే ముందు లేయర్‌ను నకలు చేసే ఐచ్ఛికాన్ని డైలాగ్‌లో చేర్చి అక్కడితో ఆపాము.

ప్రస్తుతం విభాగంలో అన్ని యంత్రాలూ 3.0 మీద నడుస్తున్నాయి. పాత యంత్రం ఒకటి మాత్రం నమూనా సముదాయం కోసం ఉంది. గింప్ 3 శ్రేణిలో కొత్త విడుదల వచ్చిన ప్రతిసారీ ఆ సముదాయాన్ని బ్యాచ్ పద్ధతిలో నడిపి, 8 బిట్ స్థాయిలో ఒకటికి మించి తేడా వచ్చిన పిక్సెళ్లను గుర్తించే చిన్న స్క్రిప్ట్ ఫలితాన్ని చూశాకే మిగతా యంత్రాలను నవీకరిస్తున్నాము. పోల్చేది పాత ప్లగిన్ ఫలితంతో కాదు, విభాగం అంగీకరించిన కొత్త ఫలితంతో. 256 స్థాయిలకు కుదించుకుపోయిన పాత ప్రతుల్లో ఏ సంపుటాలను మూల స్కాన్ల నుంచి మళ్లీ తయారు చేయాలో వారు జాబితా వేస్తున్నారు. ముదురు కాగితం ఉన్నవి ఆ జాబితాలో ముందున్నాయి, స్థాయిల మధ్య ఖాళీలు ఆ పేజీల నీడల్లోనే చారలుగా కనిపిస్తాయి.